మాస్టడాన్‌లో రెండోసారి

2022 అక్టోబరు చివర్లో ట్విట్టర్ చేతులు మారినప్పుడు అందరితో పాటు నేనూ ట్విట్టర్ లాంటిదే అయిన మాస్టడాన్‌లో ఖాతా తెరిచి, "అందరికీ నమస్కారం" అని ఒక ముక్క రాసి, రెండు రోజులు చూసి వదిలేశాను. ఒక్కరూ పలకలేదు, ఇక్కడ ఎవరూ లేరనుకున్నాను.

మళ్ళీ వెళ్ళడానికి కారణం వేరే. నేను రోజూ గడిపే ఇంకో వేదికలో, దాని పేరు అనవసరం, నా క్లాస్‌మేట్ వాళ్ళ నాన్నగారు పోయారని పెట్టిన పోస్టు నాకు ఐదు రోజుల తర్వాత కనిపించింది. ఆ ఐదు రోజులూ నేను దాన్ని తెరుస్తూనే ఉన్నాను, ముక్కూమొహం తెలియనివాళ్ళ గొడవలూ కుక్కర్ల యాడ్లూ చూస్తూనే ఉన్నాను. వాడికి ఫోన్ చేసేసరికి పెద్దకర్మకి భోజనాలు చెప్పుకుంటున్నారు. ఆ బాధ ఇంకా పోలేదు.

మాస్టడాన్‌లో అలా జరగదు. మనం ఫాలో అయినవాళ్ళు రాసినవీ, వాళ్ళు బూస్ట్ చేసినవీ (అంటే తమ ఫాలోయర్లకి మళ్ళీ పంచినవీ), వచ్చిన వరుసలోనే కనిపిస్తాయి. యూజెన్ రోచ్కో 2016లో జర్మనీలో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకుని నడపొచ్చు. ఎయిర్‌టెల్ వాళ్ళు జియో వాళ్ళకి ఫోన్ చేసినట్టు ఒక సర్వర్‌లో ఉన్నవాళ్ళు ఇంకో సర్వర్ వాళ్ళతో మాట్లాడుకుంటారు. నడిపేవాళ్ళ పద్ధతి నచ్చకపోతే వేరే సర్వర్‌కి మారొచ్చు. అది ఇల్లు మారడం లాంటిది, చుట్టాలకి (అంటే ఫాలోయర్లకి) కొత్త అడ్రస్ దానంతటదే వెళ్తుంది కానీ సామాను, అంటే పాత పోస్టులు, పాత ఇంట్లోనే ఉండిపోతాయి. మారేముందు ఇది తెలుసుకోండి, నాకు ఎవరూ చెప్పలేదు.

మొదటిసారి నాకు అర్థం కానిది ఒకటుంది. ఇక్కడ లైక్ కొడితే ఆ సంగతి రాసినవాళ్ళకి తెలుస్తుంది, అంతే, పోస్టు మన ఫాలోయర్ల ఫీడ్‌లోకి వెళ్ళదు. బూస్ట్ చేస్తేనే వెళ్తుంది. హ్యాష్‌ట్యాగ్ లేకపోతే కొత్తవాళ్ళ కంట పడడం కూడా కష్టమే. అంటే మనుషుల్ని మన ఫీడ్‌లోకి తెచ్చిపెట్టే యంత్రం ఏదీ లేదు, ఆ పని మనమే చెయ్యాలి. 2019 అక్టోబరు చివర్లో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతా నిలిపేశాక, నవంబరులో మనదేశం నుంచి చాలామంది ఒక్కసారిగా ఇటు వచ్చారు, కొన్నాళ్ళకి ఆ సందడి తగ్గిపోయింది. వాళ్ళు కూడా నాలాగే ఎవరైనా పలకరిస్తారేమో అని కూర్చుని ఉంటారనిపిస్తుంది.

ఈసారి నేను #తెలుగు అనే ట్యాగ్‌ని ఫాలో అయ్యాను. మనుషుల్నే కాదు, ట్యాగ్‌లనీ ఫాలో అవ్వొచ్చు. తెలుగులో ఎవరు ఏం రాసినా, బాగుంటే బూస్ట్ చేస్తున్నాను, తోచింది కింద రాస్తున్నాను. మనవాళ్ళు తక్కువే. కొన్ని రోజులు ఒక్క తెలుగు ముక్కా కనిపించదు, అప్పుడు నేనే ఏదో ఒకటి రాస్తాను, ఖాళీగా ఉంచాలనిపించదు. మీరు వస్తే మొదటి పోస్టులోనే మీ ఊరేదో, మీకు ఏమిష్టమో రాసి ఆ ట్యాగ్ పెట్టండి, నేను తప్పకుండా చూస్తాను.

మొన్న ఒకాయన వాళ్ళ ఊళ్ళో ముంజకాయలు దిగాయని ఫొటో పెట్టాడు. బూస్ట్ చేశాను. సాయంత్రానికి దాని కింద ముగ్గురు తెలుగులో మాట్లాడుకుంటున్నారు, వాళ్ళలో ఇద్దరు నాకు కొత్త.