14 రూపాయల చిల్లర: నా ప్రేమ నవలను తిరగరాసిన అనుభవం

2023 దసరా సెలవుల చివరి రోజున నా మొదటి నవల పూర్తయింది. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక డీటీపీ సెంటరులో టైపు చేయించి, స్పైరల్ బైండింగ్ వేయించి ఇంటికి తెచ్చుకున్నప్పుడు అది 318 పేజీలు వచ్చింది. నేను జనగామ వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. పదో తరగతి దాటి కాలేజీలో చేరిన మా పిల్లలు ఎప్పుడైనా కనబడి "చదువుకోనీకి ఏదన్న మంచి పుస్తకం చెప్పుండ్రి మేడం" అని అడిగితే తడుముకునేదాన్ని. చిన్నపిల్లల కథలు ఉన్నాయి, పెద్దల నవలలు ఉన్నాయి. ఈ రెంటికీ నడుమ వయసులో ఉన్నవాళ్ల మనసును పట్టించుకుని రాసినవి చాలా తక్కువగా గుర్తొచ్చేవి. ఇంగ్లీషులో ఇటువంటి పుస్తకాలకు యంగ్ అడల్ట్ అని పేరు పెట్టి షాపులో ఒక అరనే కేటాయిస్తారు. మన కాజీపేట రైళ్లతో, మన మాటతో అటువంటి పుస్తకం ఒక్కటైనా ఉండాలన్న కోరికతో, ఏడాదిన్నర పాటు రాత్రిళ్లు కూర్చుని ఆ నవల రాశాను.

కథ ఇది. మౌనిక స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లెటూరి పిల్ల. రోజూ పుష్‌పుల్ రైలులో కాజీపేటకు వచ్చి, అక్కడి నుంచి ఆటోలో హనుమకొండలోని డిగ్రీ కాలేజీకి వెళుతుంది. రాకేశ్ అంతకు ముందు స్టేషనైన రఘునాథపల్లిలో ఎక్కుతాడు. అతడు ఆమెను చూస్తాడు, ప్రేమిస్తున్నానని చెబుతాడు, ఆమె కాదంటుంది, అతడు మూడు నెలలు ఆమె వెనకాలే తిరుగుతాడు, చివరికి ఆమె మనసు కరుగుతుంది. తర్వాత ఒక అపార్థం, ఎడబాటు, పెద్దల వ్యతిరేకత, రిజిస్టరు పెళ్లి. ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఐదో అధ్యాయం. వాన కురుస్తున్న సాయంత్రం కాజీపేట స్టేషను బయట రాకేశ్ తడుస్తూ రెండు గంటలు నిలబడతాడు; మౌనిక తలవంచుకుని అతడి ముందు నుంచే వెళ్లిపోతుంది; మరునాడూ అతడు అక్కడే ఉంటాడు. ఆ పదహారు పేజీలు రాసిన వారం రోజులు నేను ఎంతో సంతోషంగా ఉన్నాను.

హైదరాబాదులోని ఒక ప్రచురణ సంస్థకు పంపితే నాలుగు నెలల తర్వాత "భాష బాగుంది, కథ పాతది" అన్న ఒక్క వాక్యంతో తిరిగి వచ్చింది. కథలో ఏది పాతదో, ఎక్కడ పాతదో చెప్పేవాళ్లు కావాలనిపించి, 2024 ఉగాది సెలవులకు మా ఇంటికి వచ్చిన మేనకోడలి చేతిలో ఆ కట్ట పెట్టాను. తను అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. నేను ఎవరి కోసం రాశానో వాళ్లలో ఒకతె. పెన్సిలు చేతిలో ఉంచుకుని చదవమన్నాను, నన్ను నొప్పించకూడదని ఏదీ దాచవద్దన్నాను.

నాలుగు రోజుల్లో చదివి ఇచ్చింది. ఐదో అధ్యాయం మొదలయ్యే 74వ పేజీ మార్జినులో, నేను మురిసిపోయిన ఆ వాన దృశ్యం పక్కన, చిన్న అక్షరాలతో "ఈ పిల్లకు భయం కాదా?" అని రాసి ఉంది. నేను ఆ పేజీ చూస్తుండగా వచ్చి పక్కన కూర్చుని, "అత్తమ్మా, గిట్ల ఎవడన్న మూడు నెలలు నా ఎంట పడితే నువ్వు ఊకుంటవా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఊరుకోను అన్నదే జవాబు, అది నాకూ తెలుసు, తనకూ తెలుసు. నేను ఆడపిల్లలకు పాఠం చెప్పే మనిషిని. బస్టాండు దగ్గర ఎవరో రోజూ నిలబడుతున్నాడని ఇంట్లో తెలిస్తే, ముందు ఆగిపోయేది ఆ పిల్ల చదువేనని నా తరగతి గదిలో ఖాళీ అయిన చోట్లను చూసి తెలుసుకున్నదాన్ని. 2008 డిసెంబరులో మన వరంగల్‌లోనే ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది, వారిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఆ వారాల్లో ఈ ఊళ్లో ఆడపిల్లల్ని కన్నవాళ్లు ఎలా ఉన్నారో కళ్లారా చూశాను. ఇష్టం లేదన్న అమ్మాయి వెంట పదే పదే పడటం నేరమని 2013లో చట్టం వచ్చింది. అది భారత శిక్షాస్మృతిలో 354డి సెక్షను. నేను ఈ నవలను తిరగరాస్తున్న రోజుల్లోనే, 2024 జూలై 1 నుంచి, శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షనుగా మారింది. తరగతిలో ఆడపిల్లల్ని వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలైన షీ టీమ్స్ గురించి చెప్పి, ఎవరైనా వెంటపడితే మాకు చెప్పండమ్మా అని ధైర్యం నూరిపోసే నేను, ఇంటికి వచ్చి అదే పనిని ప్రేమ అన్న పేరుతో పదహారు పేజీలు రాశాను. దశాబ్దాలుగా చూసిన సినిమాల నుంచి, వారపత్రికల సీరియళ్ల నుంచి ఆ దృశ్యం నా చేతిలోకి వచ్చి ఉంటుంది. వచ్చిన దారి ఏదైనా, రాసింది నేనే.

మేనకోడలి పెన్సిలు అక్కడితో ఆగలేదు. మౌనిక "కాటుక కళ్లు" 23 చోట్ల వచ్చాయని లెక్కపెట్టింది. రాకేశ్ తన చిన్నాన్న కూతురితో మాట్లాడుతుంటే మౌనిక పొరబడి దూరమయ్యే అపార్థం దగ్గర, "ఒక్క ఫోన్ చేస్తే అయిపోతది గదా, గిన్ని పేజీలెందుకు?" అని రాసింది. అవి నలభై పేజీలు. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లున్న కథలో ఇద్దరూ ఒకరినొకరు అడగకుండా ఉండటానికి నేను చూపిన కారణం ఒక్కటీ నిలవలేదు. సంభాషణల గురించి మాత్రం నోటితోనే చెప్పింది: "మనం గిట్ల మాట్లాడుతమా అత్తమ్మా?" కథనం పుస్తక భాషలో నడవడం సరే, కానీ ఘన్‌పూర్ పిల్ల తన స్నేహితురాలితో "ఎక్కడికి వెళ్తున్నావు?" అంటుందా? ప్రజాకవి కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9న ప్రతి ఏడూ బడిలో తెలంగాణ భాషా దినోత్సవం జరిపిస్తూ, ఈ పిల్లల నోట్లో వాళ్లది కాని మాట పెట్టినందుకు నాకు చాలా బాధ కలిగింది.

ఒక నెల రోజులు ఆ కట్ట ముట్టుకోలేదు. వేసవి సెలవుల్లో, డిగ్రీలో నాకు తెలుగు చెప్పిన లెక్చరరు గారి దగ్గరకు దానిని తీసుకెళ్లాను. సార్ రిటైరై చాలా కాలమైంది, కళ్లు సరిగా కనబడవు, అయినా నెల రోజులు పట్టి పూర్తిగా చదివారు. లోపాల గురించి నేనే చెప్పబోతుంటే ఆపి, 52వ పేజీ తీయమన్నారు. "ఈ అర పేజీని ఎందుకమ్మా గింత తొందరగా దాటేసినవ్? నీ నవల ఇక్కడున్నది" అన్నారు.

ఆ అర పేజీలో ఉన్నది ఇది. పత్తి ఏరే రోజుల్లో ఇంట్లో కూలి ఖర్చు తగ్గించడానికి మౌనిక వారం రోజులు కాలేజీ మానేస్తుంది. మళ్లీ వచ్చిన రోజు రాకేశ్ తన ఎకనామిక్స్ నోట్సు జిరాక్సు తీయించి తెచ్చి ఇస్తాడు, 14 పేజీలు. ఆమె పర్సు విప్పి, పత్తి కాయల డొప్పలు గీరిన వేళ్లతో చిల్లర ఏరి 14 రూపాయలు లెక్కపెడుతుంది. అతడు వద్దంటాడు. "ఊకె ఇస్తే నాకొద్దు" అంటుంది ఆమె. అతడు చెయ్యి చాపి తీసుకుంటాడు. అంతే. తరువాతి పేరాలో నేను మళ్లీ ఆమె కళ్లను వర్ణించడానికి వెళ్లిపోయాను.

నిజానికి మొత్తం నవలలో వాళ్లిద్దరూ సమానంగా ఉన్న చోటు అదొక్కటే. ఆమె ఏం కోరుకుంటుందో ఆమె నోటి నుంచి వచ్చిన చోటు, అతడు ఆ మాట విన్న చోటు కూడా అదే. బలహీనతలు కొట్టివేస్తే నవల బాగుపడుతుందనుకున్నాను కానీ, కొట్టివేసిన తర్వాత మిగిలిన దానిలో బలం ఎక్కడుందో ముందు చూసుకోవాలని ఆ మధ్యాహ్నం సార్ ఇంటి వరండాలో నాకు అర్థమైంది.

జూన్‌లో బడి తెరిచాక తిరగరాయడం మొదలుపెట్టాను. ఐదో అధ్యాయం మొత్తం తీసేశాను. రాకేశ్ ఒక్కసారి అడుగుతాడు, మౌనిక కాదంటుంది, మరునాటి నుంచి అతడు పక్క పెట్టెలో ఎక్కుతాడు. ఇంతవరకు రాయడం తేలికే. ఆ తర్వాత కథ కదలలేదు. అంతకు ముందు కథను లాక్కుపోయింది అతడి పట్టుదల ఒక్కటే కనుక, దానిని తీసేసరికి మౌనికకు చేయడానికి ఏమీ మిగలలేదు. 318 పేజీల నవలలో కథానాయికకు రాకేశ్ తప్ప వేరే కోరికే లేదన్న సంగతి నాకు అప్పుడు తెలిసివచ్చింది. నవలకు ఉన్న అసలు జబ్బు అది, వెంటపడటం దాని పైకి కనబడే లక్షణం మాత్రమే. రెండు నెలలు ఆ పిల్ల గురించే ఆలోచించాను. రైలులో బడికి పోతూ వస్తూ, ఒళ్లో బ్యాగు పెట్టుకుని కునుకు తీసే కాలేజీ పిల్లల్ని, ఘన్‌పూర్ దాటేదాకా రికార్డు రాసుకునే పిల్లల్ని చూశాను. చివరికి ఆమె కోరిక దొరికింది: మౌనిక కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదవాలనుకుంటుంది; డిగ్రీ కాగానే పెళ్లి చేయాలని తండ్రి చూస్తుంటాడు; పీజీ ప్రవేశ పరీక్ష దగ్గర పడుతుంటుంది. నోట్సు కోసం పక్క పెట్టె దాకా నడిచి వెళ్లేది ఇప్పుడు ఆమే. రాకేశ్ పక్కకు తప్పుకుని చోటిస్తాడు. ఎవరు ఎవరికి ఎన్ని పేజీలు బాకీ అన్నది ఇద్దరూ నోట్సు వెనక అట్ట మీద రాసుకుంటారు. ఆ లెక్క ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరిలో ఎవరూ గమనించని రోజునే నేను వాళ్ల ప్రేమగా రాశాను.

ముగింపు మా బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే మేడం వల్ల మారింది. రాకేశ్‌కు ఇరవై ఏళ్లు. పొద్దున రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి సాయంత్రం దండలతో బయటికి వచ్చినట్టు రాశాను. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద అబ్బాయికి 21 ఏళ్లు నిండనిదే పెళ్లి చెల్లదు కదా, పైగా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దానిని ఆఫీసులో అందరికీ కనబడేలా పెడతారు కూడా అని ఆమె చెప్పారు. చదివే పిల్లలు నమ్మి అడుగు వేయగలిగే విషయంలో తప్పు రాయడం చిన్న పొరపాటు కాదు. పెళ్లి తీసేశాను.

పెళ్లి పోయాక, పెద్దలు ఎందుకు ఒప్పుకోరన్న ప్రశ్న మిగిలింది. మొదటి రాతలో "ఇంట్లో ఒప్పుకోరు" అని ఆరుసార్లు రాసి, ఎందుకన్నది ఒక్కసారీ రాయలేదు. ఏ ఊళ్లో ఏ దిక్కున ఎవరి ఇళ్లుంటాయో తెలిసి కూడా కులం మాట ఎత్తకుండా దాటేశాను. దానిని ఎలా రాయాలో బతుకమ్మ అధ్యాయం చూపించింది. నవలలో మొదటి నుంచీ అందరికీ నచ్చిన భాగం అదే. సద్దుల బతుకమ్మకు ముందు రోజు మౌనిక, నాయనమ్మ వాకిట్లో కూర్చుని గునుగు పూల కట్టలను సమంగా కత్తిరించి, గిన్నెల్లో కలిపిన రంగుల్లో ముంచి, పాత పేపరు మీద ఆరబెడుతుంటారు. మౌనిక రాకేశ్ పేరు చెబుతుంది. నాయనమ్మ చేతిలోని కట్టను గులాబి రంగులో ముంచి అలాగే పట్టుకుని, "ఎవలోళ్ల పిలగాడే?" అని అడుగుతుంది. మౌనిక జవాబు చెప్పదు. గునుగు కొసల నుంచి రంగు నీళ్లు చుక్కలు చుక్కలుగా ముసలమ్మ చీర కుచ్చిళ్ల మీద పడుతుంటాయి. ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో తెలుగు చదివే వాళ్లకు నేను విప్పి చెప్పనక్కరలేదు. తర్వాతి మూడు అధ్యాయాలు ఆ ప్రశ్నకు ఇంట్లో ఒక్కొక్కరు చెప్పిన జవాబులతో నడుస్తాయి.

2025 సంక్రాంతి నాటికి రెండో రాత పూర్తయింది, 226 పేజీలు. వేరొక ప్రచురణకర్త తీసుకున్నారు. నా ఫైలు డీటీపీ వాళ్లు వాడే అను ఫాంటులో ఉండటం వల్ల, ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు చెదిరిపోయాయి, వాటిని కూర్చుని దిద్దడానికే ఒక నెల పట్టింది. డీటీపీలో టైపు చేయించే వాళ్లెవరైనా మొదటి రోజే ఈ సంగతి అడిగి పెట్టుకోవడం మంచిది.

ప్రూఫులు వచ్చినప్పుడు మేనకోడలు మళ్లీ చదివింది. ఈసారి పెన్సిలు గీతలు తక్కువ, కానీ ఉన్నాయి. రాకేశ్ పక్క పెట్టెలోకి మారిన పేజీ దగ్గర "మంచిగున్నది" అని రాసి, కింద "గానీ ఆ వారం వాడేం జేసిండు?" అని అడిగింది. మౌనిక గురించి అంత ఆలోచించి ఆ అబ్బాయిని నేను గాలికి వదిలేశానని అప్పుడు చూసుకున్నాను. కాదు అన్న మాట విన్న ఇరవై ఏళ్ల పిల్లవాడు మరునాడు ఎలా లేస్తాడు, ఎవరితో చెప్పుకుంటాడు, పక్క పెట్టెలో కూర్చుని కిటికీలోంచి ఏం చూస్తాడు అన్నది ఎవరూ అతడికి నేర్పలేదు, నేనూ రాయలేదు. ప్రచురణకర్తను వారం గడువు అడిగి రెండు పేజీలు చేర్చాను. అందులో రాకేశ్ కాజీపేటలో దిగి, ఆటో ఎక్కకుండా హనుమకొండ దాకా నడుస్తాడు. జేబులో ఆ 14 రూపాయల చిల్లర ఉంటుంది. కాలేజీ గేటు ముందు చాయ్ బండి దగ్గర అందులోంచి పది రూపాయలు తీసి ఇస్తాడు.