గౌరామి జబ్బు, నా వేలి గడ్డ

నిరుడు శ్రావణమాసంలో మా అక్వేరియంలోని పెర్ల్ గౌరామి మేత వేసినా పైకి రావడం మానేసింది. నాలుగేళ్లుగా నా చేతి నీడ పడగానే ఎదురొచ్చే చేప, ఫిల్టర్ వెనక మూలకు చేరి కదలకుండా ఉండిపోయేది. రెండు వారాల్లో పొట్ట లోపలికి పీక్కుపోయింది, తోక దగ్గర వెన్ను వంగింది, పొలుసులు రాలిన చోట ఎర్రటి పుండు పడింది. దాన్ని వేరే టబ్బులోకి మార్చి కల్లుప్పు వేశాను, మిథిలీన్ బ్లూ కూడా వాడి చూశాను. ఏదీ పని చేయలేదు. చివరికి అది పక్కకు ఒరిగి మొప్పలు మాత్రమే ఆడిస్తున్న రోజున, లవంగ నూనె కలిపిన నీళ్లలో ఉంచి దాని బాధ ముగించాను.

ఆ మధ్యలోనే ఒక ఆదివారం తొట్టిలోని గులకరాళ్లన్నీ బకెట్‌లో పోసి వట్టి చేతులతో రుద్ది కడిగాను. ముందురోజు కొబ్బరికోరు తగిలి కుడి చూపుడువేలి కణుపు మీద చర్మం లేచిన సంగతి అప్పుడు గుర్తే లేదు.

మూడు వారాలకు సరిగ్గా ఆ చోటనే పెసరగింజంత బొడిపె లేచింది. నొప్పి లేదు, చీము లేదు. మా అత్తయ్యగారు గోరుచుట్టు అనుకుని నిమ్మకాయ తొడగమన్నారు గాని, అది గోటికి దూరంగా ఉంది. మొదట చూసిన డాక్టరుగారు వారం రోజులకు యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గకపోయేసరికి పులిపిరి కావచ్చన్నారు. చేపల ఊసు నేనే ఎత్తలేదు కనుక ఆయన్ను తప్పుపట్టను. దసరా నాటికి బొడిపె ఊదారంగుకు తిరిగి పగిలింది. మణికట్టు నుంచి మోచేతి వైపు మరో మూడు గడ్డలు, దారం పట్టి పెట్టినట్లు ఒకే వరుసలో తేలాయి.

ఆ వరుసను వేలితో తడుముతూ చర్మవ్యాధుల డాక్టరమ్మ రెండే ప్రశ్నలు అడిగారు: "గులాబీ మొక్కలు పెంచుతారా? చేపలు పెంచుతారా?" గులాబీ ముల్లు గుచ్చుకుని వచ్చే ఒక ఫంగస్ జబ్బు కూడా లింఫ్ నాళాల వెంట ఇలాగే పాకుతుందట. నేను గౌరామి కథంతా చెప్పాను. ఆవిడ గడ్డ నుంచి చిన్న ముక్క తీసి, కల్చర్‌ను, అంటే ఆ ముక్కలోని క్రిములను పెంచి చూసే పరీక్షను, 30 డిగ్రీల దగ్గర కూడా ఉంచాలని ల్యాబ్ చీటీలో ప్రత్యేకంగా రాశారు. ఆవిడ అనుమానించింది జబ్బు చేపల తొట్టి నుంచి చేతి గాయంలోకి చేరే ఒక సూక్ష్మజీవిని. దానికి మన ఒంటి లోపలి వేడి పడదు, అందుకే చల్లగా ఉండే చేతుల చర్మాన్ని పట్టుకుంటుంది. మామూలుగా 37 డిగ్రీల దగ్గర మాత్రమే ఉంచితే కల్చర్‌లో కనిపించకుండా పోవచ్చు. మూడు వారాలకు వచ్చిన రిపోర్టులో పేరు తేలింది: మైకోబాక్టీరియం మరైనమ్.

అది క్షయ క్రిమికి జ్ఞాతి అని వినగానే అత్తయ్యగారు నా కంచం, గ్లాసు వేరుగా పెట్టారు. మనిషి నుంచి మనిషికి అంటదని డాక్టరమ్మ ఫోనులో స్వయంగా చెప్పాకే అవి తిరిగి అల్మరాలోకి చేరాయి.

క్లారిత్రోమైసిన్, ఇథాంబ్యుటాల్ మాత్రలు మొదలయ్యాయి. రెండోది కంటి నరాన్ని దెబ్బతీసే అవకాశం ఉన్నందున, రంగు చుక్కల మధ్య దాగిన అంకెలను చదివించే పరీక్ష ముందే చేశారు, తర్వాత కూడా అప్పుడప్పుడూ చేస్తూ వచ్చారు. మొదటి మాత్ర వల్ల నోట్లో రోజంతా ఇత్తడి చెంబు నాకినట్లుండేది. వీటన్నిటికన్నా నన్ను విసిగించింది చెంచాతో భోజనం. కట్టు కట్టిన వేలితో పప్పన్నం కలపలేక, ఆవకాయ కలిసిన చోటు ఒకలా కలవని చోటు ఒకలా తిన్నాను. ఆరో వారానికి గానీ గడ్డలు మెత్తబడలేదు. సంక్రాంతి దాటాక పుండు పూర్తిగా మానినా, ఆ తర్వాత మరో రెండు నెలలు మాత్రలు ఆపనివ్వలేదు.

మిగిలిన చేపలు కూడా ఒక్కొక్కటిగా చిక్కిపోయాయి. రాళ్లు, మొక్కలు పారేసి, ఖాళీ తొట్టిని స్పిరిట్‌తో తుడిపించి ఎండలో పెట్టించాను. అది ఇప్పటికీ డాబా మీద బోర్లించే ఉంది. మా అమ్మాయి కొత్త చేపలు అడిగినప్పుడల్లా, మోచేతుల దాకా వచ్చే గ్లౌజులు ముందు కొననివ్వమంటున్నాను.