మిర్యాలగూడ నుంచి మిలాన్‌కు: ఫైనాన్స్ మాస్టర్స్ ఎలా ఎంచుకున్నాను

నల్లగొండలో బీకాం అయ్యాక రెండేళ్లు హైదరాబాద్ నానక్‌రాంగూడలో ఒక విదేశీ బ్యాంకు ఆఫీసులో పనిచేశాను. మా మిర్యాలగూడలో అందరూ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ అనుకునేవాళ్లు, కానీ నేను చేసింది కేవైసీ, అంటే ఖాతాదారుల కాగితాలు సరిచూడటం. కంపెనీల కొనుగోళ్లు, ఐపీఓకి (కంపెనీ తొలిసారి తన షేర్లు జనానికి అమ్మడం) ధర కట్టడం లాంటి అసలు డీల్ పని మన దేశంలో ఎక్కువగా ముంబైలో ఉంటుంది, అక్కడికి మామూలు దారి ఐఐఎం ఎంబీఏ. క్యాట్ రెండుసార్లు రాశాను, రాలేదు. అప్పుడు ఫైనాన్స్ మాస్టర్స్ వైపు చూశాను.

ముందు అందరిలాగే ర్యాంకుల పట్టిక పట్టుకున్నాను. అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు పదహారేళ్ల చదువు అడుగుతాయి, మన మూడేళ్ల బీకాంతో పదిహేనే అవుతుంది, అవి పోయాయి. లండన్ బిజినెస్ స్కూల్‌లో రెండు కోర్సుల పేర్లు దగ్గరగా ఉంటాయి, జాగ్రత్త: మాస్టర్స్ ఇన్ ఫైనాన్స్ అనుభవం ఉన్నవాళ్లకి, మాస్టర్స్ ఇన్ ఫైనాన్షియల్ అనాలిసిస్ కొత్తగా డిగ్రీ అయినవాళ్లకి.

మా నాయన రైస్ మిల్లులో గుమాస్తా, సాగర్ ఎడమ కాల్వ కింద రెండెకరాలుంది. ఒక రాత్రి అన్నం తింటూ అడిగాడు, "చదువు సరే బిడ్డా, ఆడ కొలువులకు ఎప్పుడు తీసుకుంటరు?" చదువు అయ్యాక అన్నాను. "కాల్వల నీళ్లు ఎప్పుడిడుస్తరో తెల్వకుండ నారు పోస్తమా?" అన్నాడు.

నిద్ర పట్టలేదు. కూర్చుని తారీఖులు వెతికాను. లండన్‌లో పెద్ద బ్యాంకులు పర్మనెంట్ ఉద్యోగాలకి ఎక్కువగా తమ దగ్గర సమ్మర్ ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లనే తీసుకుంటాయి, ఆ ఇంటర్న్‌షిప్‌కి దరఖాస్తులు ముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబర్‌లోనే మొదలవుతాయి, పైగా చాలా బ్యాంకులు వచ్చినవి వచ్చినట్టే చూసి సీట్లు నింపేస్తాయి. అక్కడి ఏడాది కోర్సులు చాలావరకు మొదలయ్యేవే సెప్టెంబర్‌లో. అంటే రూము దొరికి బ్యాంకు ఖాతా తెరిచేలోపే అసలు సమయం దాటిపోతుంది. విమానం ఎక్కకముందే వ్యాల్యుయేషన్ (కంపెనీకి విలువ కట్టడం), అకౌంటింగ్ ప్రశ్నలకి తయారైపోయినవాళ్లకి ఏడాది కోర్సు బాగానే పనికొస్తుంది. నాకు ఆ తయారీ లేదు. అందుకే ర్యాంకుల కాగితం పక్కన పెట్టి, మధ్యలో ఇంటర్న్‌షిప్‌కి చోటున్న రెండేళ్ల కోర్సులే చూశాను, ఇటలీలోని మిలాన్‌లో బొక్కోనీ యూనివర్సిటీ ఎంఎస్సీ ఫైనాన్స్ దగ్గర ఆగాను.

సీటు కంటే లోన్ కష్టమైంది. ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు కావాలన్నారు బ్యాంకువాళ్లు, వ్యవసాయ భూమి పనికిరాదన్నారు, మా ఇంటికి పంచాయతీ అనుమతి కాగితం లేదు. నాయన పట్టాదారు పాస్ పుస్తకం కవర్లోంచి తీసి బల్ల మీద పెట్టి, మేనేజర్ దాన్ని తెరవకుండానే వెనక్కి జరిపితే, మళ్లీ అదే కవర్లో పెట్టుకున్నాడు. చాలా బాధేసింది. చివరికి మేనమామ నల్లగొండలోని తన ప్లాటు పెట్టాడు. బొక్కోనీలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో రాయితీ ఉంటుందని తెలిసి, తహసీల్దార్ ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రాన్ని అపోస్టిల్ (విదేశంలో చెల్లేలా మన ప్రభుత్వం వేసే ముద్ర) చేయించి ఇటాలియన్‌లోకి అనువదింపజేశాను, కొంత తగ్గింది. ఈ పని వీసా హడావిడి కంటే ముందే మొదలుపెట్టండి.

మొదటి ఏడాది చివర ఒక ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో నీకు బాగా తెలిసిన వ్యాపారం ఒకటి వివరించమన్నారు. మిల్లు గురించి చెప్పాను. వడ్లు కోతల సీజన్‌లో ఒక్కసారిగా కొనాలి, రైతుకి డబ్బు వెంటనే కట్టాలి, బియ్యం మాత్రం నెలల తరబడి అమ్ముడవుతాయి, కాబట్టి లాభం కనిపిస్తున్నా చేతిలో నగదు ఉండదు, వర్కింగ్ క్యాపిటల్ అప్పు, అంటే సరుకు కొని వ్యాపారం నడపడానికి తెచ్చే అప్పు, సీజన్‌లో కొండలా పెరుగుతుంది. అవతలాయన వడ్డీ రెండు శాతం పెరిగితే ఏమవుతుందని అడిగాడు, మిల్లులో నాయన రాసే ఖాతా పుస్తకం గుర్తు చేసుకుంటూ జవాబు చెప్పాను. జనవరి నుంచి ఆరు నెలలు అక్కడే ఇంటర్న్‌షిప్.