ఒకే హాలు, తొమ్మిది కుర్చీలు

రోహిణి కార్తె మొదలై మూడు రోజులైంది. ఈ కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు అన్నది ఊరికే కాదు. ఉదయం తొమ్మిదిన్నరకు క్లాక్ టవర్ దగ్గర ఆటో దిగితే చెప్పుల కింద నుంచే సెగ తగిలింది. నల్లగొండ గుట్టల నడుమ ఉన్న ఊరు. ఒకవైపు లతీఫ్ సాబ్ గుట్ట, మరోవైపు కాపురాల గుట్ట పగలంతా కాగి, పొద్దుపోయాక కూడా ఆ వేడిని ఊరి మీదికి వదులుతూనే ఉంటాయి. అలాంటి ఊళ్లో ఏసీ ఉన్నచోట కూర్చుని పనిచేసుకోవడం అదృష్టమేనని నాకు తెలుసు. కానీ ఆ ఏసీ మూలంగానే రెండు వేసవుల నుంచి మా తొమ్మిది మందిలో మాటా మాటా పెరుగుతూ వచ్చి, నిన్నటికి నేనూ కిటికీ పక్కన కూర్చునే అక్కా ముఖాముఖాలు చూసుకోని పరిస్థితి ఏర్పడింది.

మా ఆఫీసు హాలు పై అంతస్తులో ఉంటుంది. నెత్తిమీద స్లాబు, పడమటి గోడకు పరదాలు లేని రెండు పెద్ద కిటికీలు. ఏసీ మాత్రం తూర్పు గోడకు, సరిగ్గా నా కుర్చీ పైన బిగించి ఉంది. దాని గాలి నేరుగా నా మెడ మీదికి దిగుతుంది. సాయంత్రానికి మెడ నరం పట్టేసి తల తిప్పలేని రోజులున్నాయి. మే నెలలో స్వెటర్ వేసుకుని కూర్చునే నన్ను చూసి వచ్చినవాళ్లు ఆశ్చర్యపోతుంటారు. అక్క వచ్చీ రాగానే 18 పెడుతుంది, ఆమె లేచి వెళ్లగానే నేను 26 చేస్తాను. నిన్న ఆమె చూడకుండా రిమోట్ నా సొరుగులో పెట్టి తాళం వేశాను. అది చేయకూడని పని. "ఇది నీ ఇల్లు గాదు" అని ఆమె అందరి ముందూ అన్నప్పుడు నాకు బదులు దొరకలేదు.

రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో ఈ విషయమే వెతుక్కుని చదివాను. డెన్మార్కుకు చెందిన ఫ్యాంగర్ అనే ఆచార్యుడు మనిషికి హాయి ఎప్పుడు కలుగుతుందో 1970 నాటికే లెక్క కట్టి చెప్పాడట. గాలి వేడి ఒక్కటే కాక చుట్టూ ఉన్న గోడల, కిటికీల వేడి, గాలి వేగం, తేమ, ఒంటి మీది బట్టలు, చేసే పని కూడా అందులోకి వస్తాయి. ఇవన్నీ సరిగ్గా కుదిరిన గదిలోనూ నూటికి అయిదుగురికైనా అసంతృప్తి తప్పదని ఆ లెక్క చెబుతుంది. ఆఫీసుల చల్లదనానికి వాడే కొలతల్లో శరీరం పుట్టించే వేడిని 40 ఏళ్ల, 70 కిలోల మగవాణ్ణి దృష్టిలో పెట్టుకుని నిర్ణయించారని, ఆడవాళ్ల శరీరం అంత వేడి పుట్టించదని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2015లో రాసినదీ చదివాను. అది చదివాక న్యాయం నా వైపే ఉందని గట్టిగా అనుకుని పడుకున్నాను. అలా అనుకోవడం పొరపాటని ఈ మధ్యాహ్నం తెలిసింది.

మా బాబు బడి పని కోసం కొన్న గోడ థర్మామీటరును పొద్దున సంచిలో వేసుకుని వెళ్లాను. ఏసీని 24లోనే ఉంచాం. కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా మా సారు చెప్పే అంకె అదే. 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తుతో వచ్చే గది ఏసీలు ఆన్ చేయగానే 24 చూపాలన్న నిబంధన ఉన్నదనీ, ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన పొదుపు సంస్థ చెబుతున్నదనీ ఆయన వాదన. నేను ఆ థర్మామీటరును నా బల్ల మీద పావుగంట ఉంచితే 22 చూపింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు దాన్ని అక్క బల్ల మీద, ఆమెను అడగకుండానే పెట్టాను. ఎర్ర గీత మెల్లగా ఎక్కుతూ ఎక్కుతూ 30 దాటి నిలిచింది. ఏసీకి తన లోపలికి లాక్కునే గాలి ఎంత వేడిగా ఉందన్నదే తెలుస్తుంది. పది అడుగుల అవతల ఎండ కాసే కిటికీ అద్దం పక్కన కూర్చున్న మనిషి సంగతి దానికి తెలిసే దారి లేదు. రిమోట్ మీది ఏ అంకె కోసం ఇన్నాళ్లు పోట్లాడుకున్నామో, ఆ అంకె మా తొమ్మిది కుర్చీల్లో ఏ ఒక్క కుర్చీదీ కాదు.

అక్క ఆ ఎర్ర గీత వంక కాసేపు చూసి, "మరి నేను రెండేండ్ల సంది ఏం చెప్తున్న చెల్లె?" అన్నది. గొంతులో కోపం లేదు. టిఫిన్ డబ్బాలు తెరిచాక, మగవాళ్లు బయటికి వెళ్లిన సమయం చూసి, మెల్లగా ఇంకో మాట చెప్పింది. "ఎండ ఒక్కటే గాదు. నెలసరి ఆగే వయసు గదా నాది. కూసున్నకాడనే ఒళ్లంత సెగ ఎక్కినట్టయితది, గుండె దడదడ గొట్టుకుంటది, చెమటకు జాకెట్ తడుస్తది. రెండు నిముషాలకు మళ్ల సలి. ఎవలకు చెప్పుకోవాలె?" నేను ఏమీ అనలేకపోయాను. రెండేళ్లుగా మొండితనం అనుకున్నదాని వెనుక ఇది ఉన్నది. రాత్రి చదివిన లెక్క ప్రకారం చలి వేయాల్సిన ఆడమనిషే మా హాలులో అందరికంటే ఎక్కువ వేడిని భరిస్తున్నది. నాకూ ఇంకో ఏడెనిమిదేళ్లకు ఆ వయసు వస్తుంది.

అంతలో ఫీల్డు చూసే తమ్ముడు దేవరకొండ నుంచి బండి మీద వచ్చాడు. ముఖం కందిపోయి, చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. రాగానే రిమోట్ అందుకుని 18 నొక్కాడు. మాది పాత ఏసీ, అందులో కంప్రెసర్ తిరిగితే పూర్తిగా తిరుగుతుంది, లేదంటే ఆగుతుంది. 18 పెట్టినంత మాత్రాన హాలు తొందరగా చల్లబడదు. ఆ సంగతి అతనికి తర్వాత చెప్పాను. ముందు కుండలోని నీళ్లిచ్చి ఫ్యాన్ కింద కూర్చోబెట్టాను. ఎండలో తిరిగి వచ్చిన మనిషికి పది నిమిషాలు కావాల్సింది ఒంటికి తగిలే గాలి.

మూడు గంటలకు సారు అనుమతి తీసుకుని కుర్చీలు మార్చుకున్నాం. అటెండరూ తమ్ముడూ కలిసి అక్క బల్లను నా చోటికి చేర్చారు. సొరుగు బయటికి లాగినప్పుడు అందులో ఒక చిన్న తుండుగుడ్డ, అంచుకు ఎర్ర గుడ్డ కుట్టిన తాటాకు విసనకర్ర కనిపించాయి. పిడి దగ్గర ఆకు చీలిపోయి, దారంతో కట్టి ఉంది. ఏసీ నడుస్తున్న హాలులో అక్క విసురుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. ఎవరూ లేనప్పుడు విసురుకునేదేమో.

అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. నా పాత చోటు పక్కనే కూర్చునే కొత్తమ్మాయి, ఏసీ రెక్కలను అక్క వైపు తిప్పాక చెవులు చల్లబడుతున్నాయని చున్నీ చుట్టుకుంది. ఆ రెక్కలను ఇంకొంచెం పక్కకు తిప్పి చూడాలి. నాలుగున్నరకు కిటికీలోంచి ఎండ నా రిజిస్టరు మీదికి వచ్చింది, కాగితం తాకితే వెచ్చగా ఉంది. రేపు ఇంటి నుంచి ముదురు రంగు దుప్పటి తీసుకెళ్లి కిటికీకి కట్టాలి. రెండు మేకులు తెచ్చి పెట్టమని అటెండరుకు చెప్పి వచ్చాను.