రిపోర్టులన్నీ నార్మల్

ఈసీజీ నార్మల్. టూడీ ఎకో నార్మల్. థైరాయిడ్ కూడా నార్మల్. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నాకు మాత్రం దిగులు పట్టుకుంది. గుండె దడ, చేతుల తిమ్మిరి, ప్రాణం పోతుందన్నంత భయం నిజంగానే వస్తున్నాయి కదా, మరి కాగితం మీద ఏమీ లేదంటే ఎలా? కాగితాన్ని నమ్మి బతికే వృత్తి నాది.

నల్లగొండలో నేను ఎక్కువగా చేసేది ఆస్తుల పని. వీలునామాలు, గిఫ్టు డీడ్లు, భాగపంపకాలు, విరాసత్ (చనిపోయినవాళ్ల భూమి వారసుల పేరుకు మార్చడం) గొడవలు. కుర్చీలో కూర్చుని చేసే పనే అయినా పొద్దంతా వినేది చావుల గురించీ, పగల గురించీ. "వకీలమ్మా, నేను ఉండంగనే నా కొడుకులు కొట్లాడుతున్నరు" అని దేవరకొండ వైపు నుంచి వచ్చిన ముసలాయన ఏడిస్తే, మంచినీళ్లిచ్చి మళ్లీ సర్వే నంబర్ల దగ్గరికి రావాలి. 2021లో కరోనా రెండో వేవ్ తర్వాత నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది చిన్న వయసు భార్యలు. భర్త బ్యాంకు ఖాతా ఎక్కడుందో కూడా తెలియనివాళ్లు. ఆ ఏడాది నేను సరిగా నిద్రపోలేదు.

ఆ దడ మొదటిసారి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో వచ్చింది. తర్వాత కోర్టు హాల్లో, ఆ తర్వాత అర్ధరాత్రి. ఒక డాక్టర్ గ్యాస్ మాత్రలు రాసి "టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. టెన్షన్ అనేది ఉప్పులా తగ్గించుకునేదైతే నేనే తగ్గించుకునేదాన్ని. మెల్లగా వాయిదాలకు జూనియర్‌ను పంపడం మొదలైంది.

చివరికి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను, అదీ హైదరాబాద్‌లో. నల్లగొండలో అయితే బయట బెంచీ మీద ఏ క్లయింటో, ఏ తోటి వకీలో కనబడతారని భయం. వీలునామా రాసేటప్పుడు "పూర్తి స్పృహతో, ఎవరి బలవంతం లేకుండా" అనే వాక్యం లేకుండా నేను ఏ దస్తావేజూ ముగించను. అదే నా మనసు బాగాలేదని తెలిస్తే నా దగ్గర ఎవరు రాయించుకుంటారు?

విచిత్రమేమిటంటే, ఈ భయానికి చట్టంలో చోటే లేదు, అది నాకు తెలుసు కూడా. భారత వారసత్వ చట్టం, 1925లోని 59వ సెక్షన్, మతి స్థిమితం లేనివాళ్లు సైతం స్థిమితంగా ఉన్న సమయంలో వీలునామా రాయవచ్చంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా సూటిగా చెప్తుంది: మానసిక జబ్బు ఉందన్నంత మాత్రాన, కోర్టు ప్రకటిస్తే తప్ప, ఎవరినీ మతి లేనివాళ్లుగా లెక్కించకూడదు. క్లయింట్లకు ఎన్నోసార్లు చెప్పిన సంగతే.

డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పారు, పానిక్ డిజార్డర్. ప్రమాదం లేకపోయినా ఒంట్లో ప్రమాదపు గంట మోగుతుందట. సాధారణంగా పది నిమిషాల్లో శిఖరానికి చేరి దిగిపోతుంది, దానివల్ల ప్రాణం పోదు. ఎస్సిటాలోప్రామ్ అనే మందు రాసి, గుణం కనిపించడానికి వారాలు పడుతుందని, మొదట్లో వికారం, అలజడి పెరగొచ్చని ముందే చెప్పడం మంచిదైంది. లేకపోతే మొదటి వారంలోనే మానేసేదాన్ని. మందు కంటే కష్టమైంది థెరపీ. ఏ వరండాను తప్పించుకుంటున్నానో అక్కడే నిలబడి, దడ వస్తే రానివ్వాలి. వచ్చేది. పోయేది. స్టాంపులమ్మే ఆయన "మేడమ్, ఎవరి కోసం ఎదురుచూస్తున్నరు?" అని అడిగేవాడు.

కాస్త కుదుటపడ్డాక ఒక కాగితం నాకోసం రాసుకున్నాను. అదే 2017 చట్టం ప్రకారం, రేపు నాకు మానసిక జబ్బు ముదిరితే ఎలాంటి వైద్యం చేయాలో, ఏది వద్దో ముందే రాసి, నా తరఫున మాట్లాడే మనిషిని పెట్టుకోవచ్చు. మా అక్కను పెట్టుకున్నాను.

నేను బయటికి చెప్పడం మొదలుపెట్టాక లా విద్యార్థులు నాతో వేరేగా మాట్లాడుతున్నారు. చాలామంది ఊళ్లలో తెలుగు మీడియం చదివి, ఒక్కసారిగా వంద పేజీల ఇంగ్లిష్ తీర్పుల్లో పడినవాళ్లు. సీనియర్ తిట్లు తింటేనే వకీలు తయారవుతాడనే మాట మా వకీళ్ల బార్ అసోసియేషన్‌లో ఇంకా గర్వంగా చెప్తారు, నాకు అది వినబుద్ధి కాదు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 కనీస స్టైపెండ్ ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. ఎంతైనా సూచనే కదా. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మాత్రం గట్టిగానే చెప్పింది, వందమంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) వంటి హెల్ప్‌లైన్ నంబర్లు కనబడేలా పెట్టాలని. ఆ టెలి మానస్ నంబరు 14416 మా ఆఫీసు గోడ మీద కూడా ఉంది.

వేసవిలో ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన అబ్బాయి ఒకరోజు తలుపు దగ్గరే నిలబడి, "మేడమ్, డాక్టర్ దగ్గరికి పోతే రేపు సనద్ ఇయ్యరంట కదా?" అన్నాడు. సనద్ అంటే వకీలు లైసెన్సు. అది ఎవరికి ఇవ్వకూడదో చెప్పే అడ్వకేట్స్ చట్టంలోని 24ఎ సెక్షన్ తీసి చేతికిచ్చాను. నేరాల్లో శిక్షపడటం లాంటివే తప్ప మందుల మాట అందులో లేదు. రెండుసార్లు చదివాడు. ఆ వారమే డాక్టర్‌ను కలిశాడు. మళ్లీ సెలవులకు వస్తానన్నాడు. సాయంత్రం ఆరయితే ఫైలు ఎంత మధ్యలో ఉన్నా ఇంటికి పంపేస్తానని ముందే చెప్పాను.