తప్పు చోట వెతికిన మూడు నెలలు

కంప్యూటర్‌లో నేను నడిపిన మొదటి గెలాక్సీ పాతిక కోట్ల ఏళ్ళకే తన వాయువులో దాదాపు సగం మింగేసింది. ఏళ్ళంటే సిమ్యులేషన్‌లోని ఏళ్ళు లెండి, కంప్యూటర్ క్లస్టర్ మీద అది రెండు రాత్రుల పని. పొద్దున్నే ప్లాట్ తెరిస్తే ఏడాదికి 20 సూర్యుళ్ళంత వాయువు నక్షత్రాలుగా మారుతోంది. మన పాలపుంతలో ఆ రేటు 2కి అటూ ఇటూగా ఉంటుంది.

ఈ స్థాయి సిమ్యులేషన్‌లో ఒక్కో నక్షత్రాన్నీ విడిగా పుట్టించడం కుదరదు. వాయువును ముద్దలుగా విడగొట్టి, ఒక్కో ముద్దనూ ఒక 'కణం'గా లెక్కిస్తాం. నా దగ్గరున్నవి లక్ష వాయు కణాలు, ఒక్కోటి లక్ష సూర్యుళ్ళంత బరువు. అందుకని ఒక సూత్రం పెట్టుకుంటాం. ఘన సెంటీమీటరుకు 10 పరమాణువులు దాటిన వాయువుకే నక్షత్రమయ్యే అర్హత. అలాంటి వాయువు తన బరువుకు తానే కుప్పకూలడానికి దాదాపు కోటిన్నర ఏళ్ళు పడుతుంది. ఆ వ్యవధిలో అందులో 1 శాతం మాత్రమే నక్షత్రాలవుతుందని అనుకుంటాం. దీన్నిబట్టి ప్రతి టైమ్‌స్టెప్‌లో, అంటే కోడ్ కాలాన్ని ముందుకు జరిపే ప్రతి అంగలో, ఒక్కో కణానికీ ఒక సంభావ్యత వస్తుంది. కోడ్ ఒక ర్యాండమ్ నంబర్ తీస్తుంది, అది సంభావ్యత కన్నా తక్కువైతే ఆ కణం నక్షత్ర కణమైపోతుంది. పట్టుమని పదిహేను లైన్లు లేవు.

తప్పు ఆ పదిహేను లైన్లలోనే ఉందనుకున్నాను. 1 శాతాన్ని అర శాతం చేశాను, తర్వాత 0.1 చేశాను. రేటు 2కి దిగింది. సంబరంగా పట్టుకెళ్ళి మా గైడ్‌కి చూపించాను. నిజం గెలాక్సీల్లో వాయువు ఉపరితల సాంద్రతకూ (డిస్క్‌లో ఇంత వైశాల్యానికి ఎంత వాయువని) నక్షత్రాలు పుట్టే రేటుకూ 1998లో ఖగోళ శాస్త్రవేత్త కెనికట్ చూపించిన సంబంధంలో ఘాతాంకం 1.4. నా ప్లాట్‌లోనూ దాదాపు అంతే వచ్చిందని కూడా చెప్పాను.

ఆవిడ నవ్వారు. "నీ సూత్రంలో రేటు సాంద్రతకు 1.5 ఘాతంగా మారుతుంది కదా. నువ్వు లోపల పెట్టిందే నీకు బయటికొచ్చింది. అది సరే, ఈ చిత్రంలో బుడగలేవి?"

చూస్తే నిజమే. సూపర్‌నోవాలు, అంటే ఆయువు తీరిన భారీ నక్షత్రాలు, పేలిన చోట వాయువులో ఖాళీలు కనబడాలి. నా డిస్క్ నిండా గట్టి ముద్దలు తప్ప ఏమీ లేవు.

అప్పుడు కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. ముందే వేయాల్సింది. 100 సూర్యుళ్ళంత బరువు నక్షత్రాలు పుడితే సుమారు ఒక సూపర్‌నోవా, ఒక్కోదాని శక్తి 10⁵¹ ఎర్గులు. అంటే నా ఒక్క నక్షత్ర కణంలో వెయ్యి పేలుళ్ళు. ఆ శక్తిని కోడ్ చుట్టూ ఉన్న 64 కణాలకు పంచుతోంది. అలా పంచితే ఉష్ణోగ్రత నాలుగు లక్షల కెల్విన్ దగ్గరే ఆగిపోతుంది. ఆ వేడిలో, అంత సాంద్రతలో వాయువు కొన్ని వేల ఏళ్ళలోనే చల్లారిపోతుంది. నా టైమ్‌స్టెప్ అంతకన్నా పెద్దది. వాయువు కదిలేలోపే వేడంతా కాంతిగా వెళ్ళిపోతోంది. పోసిన శక్తంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు, 1990ల నుంచీ అందరికీ తెలిసిందే. మందులు కూడా చాలా ఉన్నాయి. కొందరు చల్లారడాన్నే కాసేపు ఆపేస్తారు, నాకది మనస్కరించలేదు. 2012లో డల్లా వెక్కియా, షే అనే పరిశోధకులు ప్రతిపాదించిన పద్ధతి తీసుకున్నాను. అందరికీ తలా కొంచెం పంచకుండా, ర్యాండమ్‌గా ఎంచిన ఒకటి రెండు కణాలనే 3 కోట్ల కెల్విన్‌కు పైగా వేడెక్కించాలి. అంత వేడి వాయువు చల్లారేలోపే ఉబ్బి, పక్కవాటిని నెట్టేస్తుంది. నా లెక్కలో ఒక నక్షత్ర కణం శక్తి దాదాపు ఒక్క వాయు కణానికే సరిపోయింది. అంతకన్నా వేడి పెంచితే చాలా నక్షత్ర కణాల చుట్టూ అసలు పేలుడే ఉండదు.

రన్ చేశాను. బుడగలొచ్చాయి! శాతాన్ని మళ్ళీ 1కి పెంచినా రేటు 3 దాటలేదు. అనుమానమొచ్చి 3 శాతం పెట్టాను. పెద్దగా కదల్లేదు. నక్షత్రాలు ఎక్కువ పుడితే పేలుళ్ళూ ఎక్కువవుతాయి, అవి వాయువును చెదరగొట్టి తర్వాతి పుట్టుకలకు కోత పెడతాయి. నేను మూడు నెలలు సవరించిన అంకెను గెలాక్సీ అంతగా పట్టించుకోనేలేదు.

ఇవే సెట్టింగులతో ఒక మరుగుజ్జు గెలాక్సీని నడిపితే మొదటి పేలుళ్ళకే వాయువంతా ఎగిరిపోయింది. ఒక్కో కణంలో వెయ్యి పేలుళ్ళంటే అంత చిన్న గెలాక్సీకి మరీ ఎక్కువ కాబోలని, కణాల బరువు పదో వంతుకు తగ్గించి మళ్ళీ జాబ్ పెట్టాను. క్యూలో ఉంది.