గుండ్రటి గుర్రానికి పొట్టపట్టీ

గోదావరి డెల్టాలో పుట్టిన మాబోటి వాళ్ళకు గుర్రమంటే కాటన్ దొర విగ్రహంలోని గుర్రమో, పెళ్ళి ఊరేగింపుకు అద్దెకు తెచ్చే గుర్రమో తప్ప మరొకటి తెలియదు. అయినా రాజోలు, మలికిపురం, అమలాపురం చుట్టుపక్కల నుంచి కువైట్ వెళ్ళేవాళ్ళలో ఇంటిపనికీ డ్రైవరు పనికీ పోగా మిగిలిన కొద్దిమందిమి కబ్ద్ వైపు ఎడారి అంచున ఉండే గుర్రపుశాలల్లో కుదురుకుంటున్నాము. గేదెలకు కుడితి పెట్టి, వాటి ఒళ్ళు తోమి పెరిగినవాడికి గుర్రం దగ్గర నిలబడటం కొత్త కాదు కనుక మేత వెయ్యడం, పేడ ఎత్తడం, గిట్టలు శుభ్రం చెయ్యడం వంటివి తొందరగానే పట్టుబడతాయి. ఆలస్యంగా వచ్చే విద్య ఒకటుంది. అది జీను కదలకుండా పొట్ట కింద పట్టీ కట్టడం, అందులోనూ పొట్ట గుండ్రంగా, మూపు చదునుగా ఉన్న గుర్రానికి కట్టడం. జీను పక్కకు తిరిగి బాబా (మేము యజమానిని పిలిచే పేరు) గారి బిడ్డ ఇసుకలో పడితే, ఆ జీను ఎవరు కొన్నారని ఎవరూ అడగరు. ఆ పూట పట్టీ కట్టినవాడెవడని అడుగుతారు.

సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు కూడా అక్కడి నుంచి మా వైపు కుర్రాళ్ళు ఫోను చేసి ఇదే అడుగుతూ ఉంటారు. "బాబాయ్ గారండీ, ఎంత బిగించినా జీను పక్కకి తిరిగిపోతోందండీ" అంటాడొకడు. ఎంత బిగించినా అన్న మాటలోనే వాడి చిక్కంతా ఉంది. మూపు ఎత్తుగా ఉన్న గుర్రం మీద జీనుకు రెండు పక్కలా ఆనిక దొరుకుతుంది. చదును మూపు మీద ఆ ఆనిక లేదు కాబట్టి ఆ లోటును పట్టీ బిగింపుతో పూడ్చాలని చూస్తాము. ఇంకో రంధ్రం ఎక్కిస్తే జీను నిలవదు సరికదా, గుర్రానికి ఊపిరి సరిగా అందక, పట్టీని చూడగానే చెవులు వెనక్కు పెట్టి, పొట్ట ఉబ్బించి, చివరికి పళ్ళు చూపడం మొదలుపెడుతుంది. అది చూసి గుర్రానికి పొగరు ఎక్కువని చెప్పేవాళ్ళూ ఉన్నారు.

అసలు చూడవలసింది పట్టీ ఎక్కడ కూర్చుంటుందనేది. గుర్రాన్ని చదునైన నేల మీద నాలుగు కాళ్ళూ సమంగా నిలబెట్టి, ముంగాలి మోచేయి వెనుక నుంచి రొమ్ము కిందికి అరచెయ్యి పోనిస్తే, పక్కటెముకల గూడు సన్నబడి మళ్ళీ వెడల్పయ్యే ఒక పల్లపు చోటు తగులుతుంది. పట్టీ మనం ఎక్కడ కట్టినా నాలుగడుగులు నడిచేసరికి అది వెళ్ళి చేరేది అక్కడికే, బిందె పొట్టకు కట్టిన తాడు మెడ దగ్గరికి జారినట్టు. ఆ పల్లం మోచేతికి కాస్త ఎడంగా వెనుక ఉన్న గుర్రంతో పేచీ లేదు. గుండ్రటి ఒళ్ళున్న వాటిలో చాలావాటికి అది మోచేతిని ఆనుకున్నంత ముందుకు ఉంటుంది. జీను ఉండవలసిందేమో భుజపు ఎముకకు వెనుక. జీను నుంచి దిగే తోలు పట్టెలు నిలువుగా దిగితే ఆ పల్లానికి వెనుకగా పడతాయి. తిన్నని పట్టీ వేస్తే అది పల్లం వెతుక్కుంటూ ముందుకు జరిగి, తనతోపాటు జీనును భుజాల మీదికి లాక్కుపోతుంది. భుజం ఆడక గుర్రం అడుగు పొట్టిదవుతుంది, ఎక్కినవాడు ముందుకు వాలతాడు, కాసేపటికి జీను ఏదో ఒక పక్కకు తిరుగుతుంది.

ఇలాంటి గుర్రానికి సరిపోయేది నడుమ భాగం ముందుకు, రెండు కొనలు వెనక్కు ఉండేలా వంపు తిప్పి కుట్టిన పట్టీ. నడుమ భాగం పల్లంలో కూర్చుంటుంది, కొనలు మాత్రం వెనుకే ఉండి జీను పట్టెలను నిలువుగా పట్టుకుంటాయి. మోచేతుల దగ్గర లోపలికి కోసి ఉంటుంది కాబట్టి అక్కడి పల్చటి చర్మం ఒరుసుకోదు. దీన్ని తిరగేసి కట్టి, ఖరీదైన పట్టీ కూడా పనికిరాలేదని తీర్పు చెప్పినవాళ్ళను చూశాను. వంపు ఏ వైపుకు ఉందో చూసుకుని కట్టాలి. పల్లం వెనుకే ఉన్న గుర్రానికి ఈ వంపు పట్టీ వల్ల ఒరిగేదేమీ లేదు, దానికి తిన్నని పట్టీయే మేలు.

ఎలాస్టిక్ సంగతి వేరే చెప్పాలి. ఒక కొనకే ఎలాస్టిక్ ఉన్న పట్టీలు అక్కడి దుకాణాల్లో చవకగా దొరుకుతాయి, శాలల్లో ఎక్కువగా వేలాడేవీ అవే. సాగే కొన ఉన్న వైపు జీను వదులై, సాగని వైపుకు లాగుడు పడుతుంది. ఎత్తైన మూపు ఆ తేడాను కొంత కాస్తుంది, గుండ్రటి వీపు కాయదు. ఎలాస్టిక్ ఉంటే రెండు కొనలకూ సమంగా ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. నన్నడిగితే గుండ్రటి గుర్రానికి అసలు లేనిదే నయం. సాగే పట్టీ చేతికి తేలిగ్గా వస్తుంది కాబట్టి మనకు తెలియకుండానే రెండు రంధ్రాలు ఎక్కువ లాగేస్తాము.

పట్టీ దేనితో చేసిందన్నది చలిదేశాల వాళ్ళకు ఎలా ఉన్నా, కువైట్‌లో చిన్న విషయం కాదు. 2016 జూలై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని నియమం ఉంది. గుర్రాలను కూడా తెల్లవారకముందో పొద్దుపోయాకో బయటకు తీస్తాము. నియోప్రీన్ అనే మెత్తటి రబ్బరు పట్టీ వెంట్రుకలను పట్టుకుని జారకుండా ఉంటుంది, గొట్టం కింద పెట్టి కడిగితే మురికి పోతుంది. కాని చెమటను, వేడిని లోపలే ఉంచుతుంది, కొన్ని గుర్రాల చర్మం దానికి దద్దురు తేలుతుంది. దారాలతో అల్లిన పట్టీలో గాలి ఆడుతుంది, ఆ అల్లిక వెంట్రుకలను కూడా బాగానే పట్టుకుంటుంది. మెత్తగా నూనె పెట్టి కాపాడిన తోలుపట్టీ ఈ రెంటికీ తీసిపోదు. ఏదైనా సరే, ఆరిన చెమట తెల్లటి ఉప్పు పొక్కులై అంచున గరుకు తేలితే మర్నాటికి మోచేయి వెనుక వెంట్రుకలు రాలి పుండు సిద్ధమవుతుంది.

కొలత తీసుకోవడం తేలికే. జీనును దాని కింది మెత్తతో సహా వీపు మీద పెట్టి, ఒక వైపు పట్టె మధ్య రంధ్రం నుంచి పొట్ట కిందుగా రెండో వైపు మధ్య రంధ్రం దాకా టేపు పట్టాలి. రెండు వైపులా సమానంగా రంధ్రాలు మిగలాలి. పొట్టి రకం పట్టీ అయితే బకిల్ మోచేతికి తగలనంత పైన ఉండాలి.

కట్టడం మూడు విడతల్లో జరగాలి: ముందు జారకుండా ఉండేటంత, కాస్త నడిపించాక కొంచెం, ఎక్కబోయే ముందు ఇంకొంచెం. పట్టీ కట్టాక ముంగాళ్ళను ఒక్కొక్కటిగా పట్టుకుని ముందుకు చాపితే కింద మడత పడిన చర్మం సర్దుకుంటుంది. బిగింపును పక్కన కాదు, రొమ్ము ఎముక కింద వేళ్ళు పెట్టి చూడాలి, ఎందుకంటే గుండ్రటి పక్కల మీద పట్టీ ఎప్పుడూ బిగుతుగానే అనిపిస్తుంది. జీను కింద మెత్త మీద మెత్త వేస్తే నిలుస్తుందని అనుకోవద్దు, మందం పెరిగేకొద్దీ దొర్లడం పెరుగుతుంది.

పిల్లల కోసం తెచ్చే షెట్లాండ్ పోనీలు 42 అంగుళాల ఎత్తు మించవు, పొట్ట మాత్రం పెద్ద గుర్రాలకు పోటీ. వాటి జీను మెడ మీదికి జారకుండా తోక కిందుగా వెళ్ళే పట్టీ పనికొస్తుంది. రొమ్ముపట్టీ జీను వెనక్కు పోకుండా ఆపుతుందే గాని పక్కకు తిరగడాన్ని ఆపదు. జీను లోపలి చట్రం ఆ వీపుకు ఇరుకైతే ఏ పట్టీ వేసినా ప్రయోజనం ఉండదు.

ఖర్జూరం, బార్లీ ముద్దుగా తినిపించి మూపు మీద కొవ్వు పేర్చిన గుర్రం గురించి బాబాతో, మీ గుర్రం బలిసిందని మన నోటితో చెప్పలేము. పోయిన నెల పట్టీ ఏ రంధ్రంలో ఉందో, ఈ నెల ఎక్కడికి వచ్చిందో రెండు ఫోటోలు వాట్సాప్‌లో పంపితే మేత తగ్గించమన్న మాట ఆయన దగ్గర నుంచే వస్తుంది. ఫోను చేసిన కుర్రాడిని కూడా ఫోటో తీసి పంపమన్నాను. పల్లం మోచేతి పక్కనే ఉంది, పట్టీ తిన్ననిది, ఎలాస్టిక్ ఒక కొనకే. వంపు పట్టీ కొనేదాకా పిల్లలను నేల మీద నుంచి రికాబులో కాలు పెట్టి ఎక్కనివ్వకుండా మెట్టు మీద నుంచి ఎక్కించమని, ఆ సమయంలో అవతలి రికాబును చేత్తో అదిమి పట్టుకోమని, జీను దించగానే చెమట మరక రెండు పక్కలా ఒకేలా ఉందో లేదో చూసి చెప్పమని అన్నాను.